మిత్రుడు వచ్చిన ఆదివారము

ఇంటికి వచ్చినవానిని ఎక్కడ కూర్చుండబెట్టి ఏమి పెట్టవలెనన్న ప్రశ్న మన పెద్దలకు ఎన్నడును స్వల్పవిషయముగా తోచలేదు. ఆ ప్రశ్నయే నేడు హైదరాబాదు నగరమునకు పడమట, మాదాపూరు మొదలుకొని కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల మీదుగా కోకాపేట వఱకు వ్యాపించిన సాంకేతిక నగరమున, శుక్రవారము సాయంకాలము రైలెక్కుచున్న మిత్రుని ఫోను రాగానే క్రొత్త రూపమున తలయెత్తుచున్నది. ఉదయపు ఫలహారమును మధ్యాహ్నభోజనమును కలిపి ఒక్కటిగా జేసి, రెండు మూడు గంటలు తీరికగా కూర్చుండి ఆరగించెడి బ్రంచి అను విందు ఇక్కడి వారాంతములకు ఆచారమైనది. దానికి తగిన చోటు నెన్నుకొనుట పైకి విలాసముగా కనబడినను, అందు కాలము, దూరము, ఋతువు, ఆకలి, ఆరోగ్యము, ధనము, అన్నిటికంటె మిన్నగా స్నేహము, ఇన్నియు ఇమిడియున్నవి. కావున ఆ నిర్ణయమును అప్పటికప్పుడు తోచినదానికి వదలక గృహస్థధర్మములలో నొకటిగా భావించి, దానికి ఉపకరించు విషయములను ఇచట విచారింతము.

ఆలస్యముగా తెల్లవారెడి సీమ

ఈ ప్రాంతమున బ్రంచి వేళ్లూనుటకు పాశ్చాత్యానుకరణమే కారణమని చెప్పుట తొందరపాటు. ఇక్కడి పెక్కు కార్యాలయముల పనివేళలు అమెరికా దేశపు గడియారములతో ముడివడియున్నవి. న్యూయార్కు నగరమున వేసవియందు ఉదయము 9 గంటలైనపుడు ఇచట సాయంకాలము 6.30, శీతకాలమున 7.30. కాలిఫోర్నియాలో శుక్రవారపు పని ముగిసెడి 5 గంటల వేళకు మనకు శనివారము తెల్లవారుజామున 5.30, లేదా 6.30 అగుచున్నది. ఇట్టి వేళలకు కట్టుబడి ఐదు రాత్రులు గడపిన ఉద్యోగి వారాంతమున పదింటికి కన్ను తెఱచునప్పటికి టిఫిను వేళ సగము గడచిపోవును, భోజనపు వేళ ఇంకను రాదు. ఆ నడిమి ఆకలిని తీర్చు భోజనమునకు ఏ పేరు పెట్టినను, దానిని ఇచట పుట్టించినది ఇక్కడి జీవనవిధానమే.

రెండవ కారణము ఇల్లు. ఈ సీమలో నివసించువారిలో పెక్కుమంది గోదావరి జిల్లాల నుండి, రాయలసీమ నుండి, కరీంనగరము, ఖమ్మము, పాలమూరు ప్రాంతముల నుండి, దూరపు రాష్ట్రముల నుండి ఉద్యోగమునకై వచ్చినవారు. ముగ్గురు నలుగురు కలిసి ఒక ఫ్లాటును అద్దెకు తీసుకొని, ఇరుకైన వంటగదిలో అత్యవసరమైనది మాత్రమే వండుకొని బ్రదుకు యువకులకు, వచ్చిన మిత్రుని వరుసగా కూర్చుండబెట్టి వడ్డించుటకు నడవ లేదు, వండి పెట్టుటకు తల్లి దగ్గర లేదు. అట్టివారికి హోటలు తమ యింటి భోజనశాలకు బదులుగా నిలుచుచున్నది. హోటలునకు తీసికొనిపోవుట ఆతిథ్యమును తప్పించుకొనుట యని పల్లెలోని పెద్దలు అప్పుడప్పుడు నొచ్చుకొనుట కద్దు. కాని చోటు మాఱినను ధర్మము మాఱలేదు. ఇంట వండునపుడు గృహిణి ఎంత శ్రద్ధతో అతిథి రుచు లెఱిగి కూర లేర్పరచెడిదో, అంత శ్రద్ధతో చోటు నెన్నుకొన్నవాడు ఆ ధర్మమును సంపూర్ణముగా నెఱవేర్చినవాడే యగును.

పూర్వు లెఱిగిన విందు

ఇంగ్లండున 1895లో గై బెరింజరు అను రచయిత హంటర్స్ వీక్లీ యను పత్రికయందు వ్యాసము వ్రాసి, ఆదివారము ప్రార్థన ముగించుకొని వచ్చినవారికి వెంటనే బరువైన భోజనము పెట్టుట మాని, టీతోనో కాఫీతోనో మొదలై మెల్లమెల్లగా ఘనపదార్థములకు సాగిపోవు మధ్యస్థభోజనమును ప్రతిపాదించెను. అది మనుష్యులను ఉల్లాసపఱచి వారిచేత మాటలాడించునన్నది అతని వాదములోని సారము. ఆ గుణము కొఱకు మనము పరదేశమునకు పోవలసిన పని లేదు. పోతన భాగవతము దశమస్కంధమున గోపబాలురు కృష్ణుని చుట్టును కూర్చుండి చల్దులారగించిన ఘట్టమును ఎఱుగని తెలుగువా డరుదు. ఒకనిది యొకడు లాగికొనుట, వ్రేళ్ల సందున ఊరుగాయ నిఱికించుకొనుట, నవ్వులు, మేలములు, అన్నియు నందు గలవు. ఉదయమున ఆలమందలను తోలుకొనిపోయి, ఎండ యెక్కిన పిదప నీటియొడ్డున కూర్చుండి తిన్న ఆ తిండి రెండు పూటల నడుమ మిత్రులు కలిసి తిన్న తిండియే గదా!

హైదరాబాదు నగరమునకును తనదైన ఆదివారపు భోజనము కలదు. పాతబస్తీ కుటుంబములలో ప్రసిద్ధమైన కిచిడీ, కీమా, ఖట్టా అను మూటి కూర్పు చూడుడు: ఎఱ్ఱ కందిపప్పుతో వండిన పలుకైన కిచిడీ, దానికి తోడు సన్నని మాంసపు కూర, నువ్వులు చింతపండు కలిపిన పుల్లని పులుసు, పైన అప్పడము. దీనిని ప్రాతఃకాలాహారమని పిలిచినను, ఆదివారమున తిన్నవాడు మఱల సాయంకాలము వఱకు భోజనమును తలపడు. చలికాలపు వేకువల నహారీ రొట్టెలకై నిలుచువారి సంగతియు నిట్టిదే. ఈ నగరపు పాకసంస్కృతిని గుర్తించి యునెస్కో 2019 అక్టోబరు 31న హైదరాబాదును ఆహారకళకు సంబంధించిన సృజనాత్మక నగరముల వరుసలో చేర్చినది.

ఆతిథ్యమున వివేక మెట్లుండవలెనో తెలిసికొనుటకు శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదను మించిన గురువు లేదు. అందు విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనము ఋతువు ననుసరించి మాఱుచుండును. వానకాలమునందు వేడి అన్నము, పప్పు, వరుగులు, పెరుగు. వేసవియందు చలువజేసెడి మజ్జిగ, చెఱకురసము, ఎడనీరు. చలికాలమున మిరియపుపొడి ఘాటు, ఆవ పెట్టిన పచ్చళ్లు, కాగిన నెయ్యి. అతిథి శరీరమునకు ఆనాడు ఏది హితమో అది వడ్డించుటయే ఆయన సంపదకంటె గొప్పదైన సంపద. ఏప్రిలు మాసమున మిట్టమధ్యాహ్నము మేడపై ఆరుబయట బల్ల కుదుర్చుకొన్నవాడును, జులై వర్షమున మిత్రుని ఊరికి ఆ చివర నున్న తోటకు త్రిప్పినవాడును ఈ పాఠమును మఱచినవారే.

రాతిగుట్టల నడుమ లేచిన నగరము

చోటు నెన్నుకొనుటకు ముందు ఈ చోట్లు ఎట్లు పుట్టినవో తెలిసికొనుట మేలు. మాదాపూరు ఒకప్పుడు గుట్టలును బండరాళ్లును చుట్టిన పల్లె. 1992లో ఇచట శిల్పారామము వెలసి చేతివృత్తులవారికి నీడనిచ్చినది. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. ఆనాడు ముఖ్యమంత్రిగా నుండినవారు నారా చంద్రబాబునాయుడు. ఆ గుండ్రని భవనము చుట్టును కార్యాలయములు, వాని చుట్టును నివాసములు, వాని నంటి భోజనశాలలు క్రమముగా లేచినవి. 2006లో అంతర్జాతీయ సమావేశ మందిరమును దానిని ఆనుకొని నోవొటెల్ హోటలును వచ్చినవి. తరువాత మైండ్‌స్పేస్ ప్రాంగణమున వెస్టిన్, సమీపమున ట్రైడెంట్, గచ్చిబౌలియందు హయత్, షెరటాన్, 2018లో దుర్గము చెఱువు సమీపమున ఐటీసీ కోహినూర్ వెలసినవి.

ఈ పెద్ద హోటళ్లు ప్రధానముగా వ్యాపారకార్యములకై వచ్చువారిని ఉద్దేశించి కట్టబడినవి. సోమవారము నుండి గురువారము వఱకు గదులు నిండియుండును. శుక్రవారము సాయంకాలమునకు ఆ అతిథులు తమ తమ ఊళ్లకు మఱలిపోవుదురు. పాచకులు, పరిచారకులు, విశాలమైన భోజనశాల, అన్నియు నుండియు తినువారు తగ్గిన ఆదివారమున నగరవాసులను ఆహ్వానించుట యజమానులకు లాభదాయకమైన ఉపాయము. పెద్ద హోటళ్ల ఆదివారపు బ్రంచి ఇంత ఘనముగా నుండుటకు ఇది ముఖ్యమైన హేతువు. దీని నెఱిగినవానికి మఱియొక సంగతియు బోధపడును: ఈ హోటళ్లలో ఆదివారమున దొరకునంత వైభవము శనివారమున దొరకదు. మిత్రుడు ఆదివారము మధ్యాహ్నపు విమానమునకు పోవలసియున్నచో ఈ మార్గమును తలపెట్టకుండుటయే మంచిది.

ఎన్ని తెఱగుల చోట్లు

పెద్ద హోటలు బ్రంచి సాధారణముగా పన్నెండు, పన్నెండున్నరకు మొదలై మూడున్నర వఱకు సాగును. ఒక్క ధర చెల్లించి ఎన్ని మాఱులైనను వడ్డించుకొనవచ్చును. ఎదుట నిలిచి దోసెలు పోయువారు, కబాబులు కాల్చువారు, పాస్తా కలుపువారు, ఒక గోడ పొడుగునను మిఠాయిలు, మఱియొక ప్రక్క పిల్లలకు ఆటలు. నాలుగు కుటుంబములు కలిసి వచ్చినపుడును, మిత్రుడు భార్యాపిల్లలతో వచ్చినపుడును, ఏండ్ల తరువాత కలిసిన కళాశాలా సహపాఠులు పదిమంది గుమిగూడినపుడును ఇది తగిన చోటు. ఎవరి రుచి వారిది, ఎవరి వేగము వారిది. కాని యిద్దఱే మిత్రులు మనసు విప్పి మాటలాడుకొన దలచినపుడు ఇది అంతగా పొసగదు. పళ్లెము పట్టుకొని ఒకడు లేచిన వేళ మఱియొకడు వచ్చి కూర్చుండును. సంభాషణము తెగుచు నతుకుచు సాగును. మఱియు ఉదయము ఆఱింటికి లేచు అలవాటుగల అతిథిని పన్నెండున్నర వఱకు పస్తుంచరాదు. ఎనిమిదింటికి ఇంటనే ఒక అరటిపండును, గ్లాసెడు పాలను, రెండు ఇడ్డెనలను ఈయవలెను.

రెండవది టిఫిను హోటలు. తెలుగువాని హృదయమునకు ఇది సన్నిహితము. నగరమున పేరుగాంచిన చట్నీస్ వంటి చోట రంగురంగుల పచ్చళ్లతో వచ్చు దోసెలలో, నటుడు చిరంజీవి పేర వెలసి నూనె తక్కువగా ఆవిరిపై ఉడికెడి దోసె చూచి ఇతర ప్రాంతములవారు అచ్చెరువందుదురు. మాదాపూరున 2024లో తెఱచిన బెంగళూరువారి రామేశ్వరం కెఫే యందు నేతిసువాసన వీథిలోనికి వచ్చును గాని, అచట నిలుచుండి తినువారే యెక్కువ. గోదావరి తీరమునుండి వచ్చిన మిత్రునికి పెసరట్టు, ఉప్మా, అల్లపు పచ్చడి దొరకు చోటును చూపుట కంటె, వాని ఊరిలో దొరకని సర్వపిండిని, జొన్నరొట్టెను, నాటుకోడి కూరను చూపుటయే సొగసు. బ్రంచికై టిఫిను హోటలు నెన్నుకొనువారు గుర్తుంచుకొనవలసినది వేళ. ఆదివారము తొమ్మిది మొదలు పదకొండు వఱకు ఇచట జనసమ్మర్దము. పేర్లు వ్రాయించుకొని బయట నిలువవలసి యుండును. పెక్కుచోట్ల పదకొండు దాటగానే టిఫినులు తగ్గి భోజనములకు సన్నాహము మొదలగును. ఎనిమిదిన్నరకే పోవుటయో, వారపుదినమున పోవుటయో ఉత్తమము.

మూడవది ఆకుభోజనము. కాకినాడనుండి కదలివచ్చిన సుబ్బయ్యగారి హోటలు అరటియాకులో పొడులు, పచ్చళ్లు, కూరలు, పులుసులు, తీపి వరుసగా వడ్డించి కోస్తావారి పెండ్లిపంక్తిని తలపించును. రాయలసీమ రుచులు వంటి చోట్ల రాగిసంగటియు, నాటుకోడి పులుసును, ఉలవచారును దొరకును. పదకొండున్నరకు చేరగలిగినచో ఇదియే అచ్చతెలుగు బ్రంచి యని నా అభిప్రాయము. ఎన్నడో అమెరికాకు పోయి సెలవులకు వచ్చిన మిత్రునికి కాఫీగది కంటె ఈ ఆకు వేయిరెట్లు ప్రియమగును. అట్టివారు రొట్టెముక్కలును, గ్రుడ్డు అట్లును అచట నిత్యమును తినుచుందురు. వారికి కావలసినది గోంగూర, ముద్దపప్పు, చేతితో కలిపిన అన్నము. అయితే ఆకు ముందు ఎక్కువసేపు కూర్చుండనీయరు, వెనుక నిలిచినవారు వేచియుందురు. మాటలకు వేఱొక చోటు కావలెను.

ఆ చోటు కాఫీశాల. గచ్చిబౌలి, కొండాపూరులందును, దుర్గము చెఱువు దాటగానే జూబిలీహిల్సులోని పాత బంగళాల పెరళ్లయందును చెట్లనీడ బల్లలు వేసిన కాఫీశాలలు పెక్కు గలవు. కాఫీగింజ ఏ కొండ నుండి వచ్చినదో పలకపై వ్రాసిపెట్టు అలవాటు వీనిలో వచ్చినది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకులోయ అరబికా కాఫీ దొరకు చోట, అది మన్యమున గిరిజనరైతులు పండించిన పంట యని మిత్రునికి చెప్పుట ఉచితము. ఇచటి తిండి స్వల్పము, వెల యెక్కువ, తీరిక అపారము. ఇద్దఱు కలిసి పూర్వస్మృతులను నెమరువేయుటకును, ఉద్యోగము మానవలెనా, పెండ్లి చేసికొనవలెనా యను పెద్ద ప్రశ్నలను తర్కించుటకును ఇంతకంటె మంచి చోటు లేదు. తక్కువ వ్యయముతో అట్టి తీరికనే కోరువారికి ఇరానీ చాయి కలదు. 1978లో రెడ్‌హిల్స్‌లో మొదలైన కెఫే నీలోఫర్ నేడు ఈ ప్రాంతమునకును వచ్చినది. ఉస్మానియా బిస్కత్తు, వెన్న పూసిన బన్ను, ఒక కప్పు చాయి, పాతనగరపు రుచిని క్రొత్తనగరముననే చవిచూపును.

మఱి రెండు చోట్లను చెప్పవలెను. రాయదుర్గమున 2018 ఆగస్టు 9న స్వీడనువారి ఐకియా భారతదేశమున తన మొదటి అంగడిని తెఱచినపుడు దానిలో వేయిమంది కూర్చుండగల భోజనశాలను కూడ నిర్మించినది. స్వీడను మాంసపుండలను కోడిమాంసముతో చేసి, బిర్యానీని సమోసాను ప్రక్కన పెట్టి, ఈ ఊరి నాలుకను గౌరవించినది. ముసలివారిని పిల్లలను వెంటబెట్టుకొని తక్కువ వ్యయముతో ప్రొద్దు గడపదలచినవారికి అది అనుకూలము. ఇక ఐటీసీ కోహినూర్ సమీపమున దారిప్రక్క అన్నము, కూరలు వడ్డించి పేరుపొందిన కుమారి ఆంటీ దుకాణము. 2024 జనవరిలో జనసమ్మర్దముచేత రాకపోకలకు అడ్డమగుచున్నదని పోలీసులు తొలగింపబోగా ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలుగజేసుకొని కొనసాగనిచ్చిరి. నక్షత్రహోటలు నీడలో కూలీయు, కంప్యూటరు ఇంజనీరును ఒకే వరుసలో నిలిచి తిన్న ఆ దృశ్యము ఈ ప్రాంతపు నిజస్వరూపములలో నొకటి. అతిథికి దానిని చూపుటయు తగినదే.

నిర్ణయించు విధము

మిత్రులిద్దఱు కలిసినపుడు సాధారణముగా జరుగు సంభాషణ మిట్టిది.

"ఎక్కడ తిందాంరా?"

"నీ ఊరు, నీ ఇష్టంరా. నాకేదైనా ఫర్వాలేదు."

"కాదురా, నువ్వు చెప్పు."

ఈ మర్యాదల నడుమ అరగంట గడచును, ఆకలి ముదురును, తుదకు దగ్గఱలో కనబడిన ఏదో యొక చోట దూరుట జరుగును. ఊరు తెలియని అతిథిపై ఎన్నిక భారమును మోపుట మర్యాదగా కనబడును గాని నిజమునకు అది కష్టపెట్టుటయే. అతనికి చోట్లు తెలియవు, ధరలు తెలియవు, మనకెంత వ్యయమగునో యను జంకు వేఱే. కావున గృహస్థుడు ముందే విచారించి, రెండు మార్గములను మాత్రము అతని ముందుంచవలెను. "ఒరే, రేపు తొందరగా లేస్తే పెసరట్టు తిందాం, లేటైతే ఆకులో భోజనం. ఏదంటావు?" అని అడిగినపుడు అతిథి ఇచ్ఛకు చోటుండును, అతనికి శ్రమ యుండదు.

ఆ రెండు మార్గములను కనుగొనుటకు మూడు సంగతులు విచారింపవలెను. మొదటిది, మిత్రుడు తన ఊర దేనిని తినజాలడు? గుంటూరువానికి మిరపకాయ బజ్జీయు, చెన్నైవానికి పొంగలియు విశేషములు కావు. రెండవది, అతని దేహస్థితియు నియమములును. మధుమేహము, రక్తపుపోటు గలవారు నలుబదేండ్ల మిత్రులలో నేడు పెక్కుమంది. వేంకటేశ్వరునిపై భక్తిచే శనివారము మాంసము ముట్టనివారును, కార్తికమాసమున నియమము పాటించువారును మనలో నెందఱో. అట్టివానిని శనివారము కబాబుల చోటికి గొనిపోయి "నీ కోసం సలాడు ఉందిరా" యనుట ఆతిథ్యము కాదు. చెప్పుటకు మొగమోటపడు అతిథి నోట వినుటకు ఎదురుచూడక, మనమే ముందుగా అడిగి తెలిసికొనవలెను. మూడవది, మాటయా, విందా? చాలకాలమునకు వచ్చిన మిత్రుడు ఏదో చెప్పుకొనుటకు వచ్చియుండవచ్చును. పెద్ద సంగీతము మ్రోగుచు, ప్రక్కబల్లపై పుట్టినరోజు వేడుక జరుగు చోట తండ్రి ఆరోగ్యమును గూర్చియో, పోయిన ఉద్యోగమును గూర్చియో ఎవడు నోరువిప్పగలడు? స్నేహమునకు తగినట్లు చోటు నెన్నుకొన్నచో సామాన్యపు తిండియు చిరకాలము గుర్తుండును. చోటు కొఱకు స్నేహమును సర్దుకొమ్మన్నచో పంచభక్ష్యములును మఱపునకు వచ్చును.

దూరమును గూర్చి ఒక మాట. అమీర్‌పేట నుండి హైటెక్ సిటీకి 2019 మార్చిలోను, అచటినుండి రాయదుర్గమునకు అదే సంవత్సరము నవంబరులోను మెట్రోరైలు వచ్చినది. మాదాపూరు, దుర్గము చెఱువు, హైటెక్ సిటీ, రాయదుర్గము స్టేషనులకు నడకదూరమున నున్న చోటు నెన్నుకొన్నచో సికింద్రాబాదున దిగిన మిత్రుడు కారు కొఱకు వెదకులాడనక్కఱలేదు. గచ్చిబౌలి, కోకాపేటలకు మాత్రము రోడ్డు తప్పదు. ఆదివారపు ఉదయము ఖాళీగా నుండు ఆ దారులు మధ్యాహ్నమునకు నిండిపోవును. ఒకే పూటలో పాతబస్తీ నహారీని, కోకాపేట కాఫీని జతపఱచుటకు ప్రయత్నించువాడు మిత్రునికి కారు కిటికీని మాత్రమే చూపగలడు.

ధనము, శుచి

వ్యయమును గూర్చి తెలిసియుండుట పిసినారితనము కాదు. ధరపట్టికపై చూపిన మొత్తమునకు పన్ను అదనముగా చేరు చోట్లు పెక్కు. రోజుకు 7,500 రూపాయలకు మించిన గది యద్దె గల హోటలు ప్రాంగణములోని భోజనముపై జీఎస్‌టీ నూటికి 18. విడిగా నున్న సాధారణ భోజనశాలలలో నూటికి 5. కనుక మూడువేలని చదివిన బ్రంచి తుదకు 3,540 రూపాయలగును. నలుగురికి లెక్కించుకొన్నచో తేడా రెండువేలు దాటును. సేవారుసుమును బిల్లులో తనంతట తానుగా చేర్చరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికారము 2022 జులైలో మార్గదర్శకములిచ్చినది. వానిని ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము 2025 మార్చిలో సమర్థించినది. ఇష్టమైనచో వడ్డించినవాని చేతిలో మనమే పెట్టవచ్చును. అది అతనికే చేరును. బిల్లు వచ్చినపుడు చేతులు పెనగులాడుట మన ఆచారము. అది ముచ్చటయే గాని, ముందుగానే "ఈ పూట నాది, మీ ఊరొచ్చినప్పుడు నీది" అని నిశ్చయించుకొన్నచో అతిథి నిశ్చింతగా తినును.

శుచి విషయమున కన్ను తెఱచియుండవలెను. 2024లో తెలంగాణ ఆహారభద్రతాధికారులు నగరమంతట పేరున్న చోట్లను సైతము తనిఖీ చేసి, తాము చూచినదానిని ప్రకటించుచు వచ్చిరి. పచ్చిగ్రుడ్డుతో చేసిన మయోనీజును ప్రభుత్వము ఆ సంవత్సరము అక్టోబరు 30న ఒక సంవత్సరకాలము నిషేధించినది. వేడి వాతావరణమున ఉడకని గ్రుడ్డు త్వరగా చెడి విషమగుట దీనికి హేతువు. శాండ్‌విచ్చులు, సలాడులు ప్రధానముగా నుండు బ్రంచి బల్లపై ఈ సంగతి జ్ఞాపకముంచుకొనదగినది. ఆహారభద్రతా సంస్థ యిచ్చిన 14 అంకెల అనుమతిసంఖ్య భోజనశాలలో కనబడవలెను, బిల్లుపై నుండవలెను. గంటల కొలది తెఱచియుంచిన పళ్లెరముల కంటె, కన్నులయెదుట కాలి వచ్చిన దోసెయే క్షేమము. ప్రయాణపు బడలికతో వచ్చిన అతిథి తిరుగుబండిలో బాధపడకుండ చూచుటయు మన బాధ్యతయే.

తిన్న పిదప

విందు బల్లతో ముగియరాదు. దుర్గము చెఱువు గోలకొండ దుర్గమునకు మంచినీటినిచ్చిన చెఱువని ప్రసిద్ధి. దాని గట్టున కోట్లయేండ్ల నాటి శిలలు నేటికిని నిలిచియున్నవి. దానిపై 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైన తీగెలవంతెన నడిమి భాగము సుమారు 234 మీటర్లు, నీటిలో స్తంభము మోపకయే ఆవలిగట్టును చేరుకొన్నది. శీతకాలపు మధ్యాహ్నమున చెఱువు ప్రక్క దారిలో నడచుట అన్నము నరిగించును, మాటను పొడిగించును. ఎండ తీవ్రముగా నున్నచో కొత్తగూడలో 274 ఎకరముల కోట్ల విజయభాస్కరరెడ్డి ఉద్యానము చెట్లనీడ కలదు. శిల్పారామమున పోచంపల్లి, గద్వాల చీరెలను చూచి మిత్రుడు ఇంటికి ఒకటి కొనిపోవచ్చును. అద్దాలమేడలను మాత్రమే చూచి మఱలినవాడు ఈ ఊరిని సగమే చూచినవాడు.

ఇరువదియైదేండ్లకు పైగా ఈ సీమను కట్టినవారు దీనిని పనికొఱకు కట్టిరి. లక్షలమంది ఇచట పగలును రాత్రియును శ్రమించి, పండుగ రాగానే "మా ఊరు" అని వేఱొక చోటికి బయలుదేరుచున్నారు. ఏ ప్రదేశమైనను కార్యాలయముల చేతను, వంతెనల చేతను మాత్రమే ఊరు కాదు. దూరమునుండి వచ్చిన మనిషిని పిలిచి, వాని ఆకలి తెలిసి, తగిన చోట కూర్చుండబెట్టి, కడుపునిండ పెట్టి, చెప్పుకొన్నది వినగల మనుష్యులున్నప్పుడే అది ఊరగును. కావున వచ్చు వారాంతమున మిత్రుడు వచ్చుచున్నాడని తెలిసిన ప్రతి పాఠకుడును, శుక్రవారముననే పావుగంట వెచ్చించి, వాని రుచిని, ఆరోగ్యమును, వేళను, దారిని విచారించి, రెండు చోట్లు నిశ్చయించుకొనుగాక. ఆ పావుగంట శ్రద్ధయే ఆతిథ్యము. ఆ శ్రద్ధ చూపినవాడు ఎన్నేండ్ల క్రిందట ఏ జిల్లానుండి వచ్చినవాడైనను, ఈ ఊరివాడే.